అర్జీ వేసిన మర్నాడు

వయోవృద్ధులపై జరిగే వేధింపుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సభల్లోనూ పత్రికల్లోనూ వినిపించే ప్రశ్న ఒకటుంది: ఇంత జరుగుతుంటే ఆ పెద్దాయన ఎవరికీ ఎందుకు చెప్పుకోలేదు, ఆ తల్లి పోలీసు స్టేషను మెట్లు ఎందుకు ఎక్కలేదు? నేను రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసి, అందులో చివరి సంవత్సరాలు ఆర్డీవో కార్యాలయంలో వయోవృద్ధుల ట్రిబ్యునల్ ఫైళ్లు చూసే సీటులో గడిపి, ఇప్పుడు మా కాలనీ సీనియర్ సిటిజన్స్ సంఘంలో అర్జీలు రాసిపెడుతున్నాను. నాకు ఆ ప్రశ్న తప్పు చోట వేసినట్టు అనిపిస్తుంది. చెప్పుకుంటే రేపు పొద్దున తనకు కాఫీ ఎవరిస్తారు, రాత్రి ఆయాసం వస్తే ఆసుపత్రికి ఎవరు తీసుకువెళతారు, మనవరాలిని మళ్లీ చూడనిస్తారా అని లెక్క వేసుకున్న మనిషి నోరు మెదపకపోతే అందులో అమాయకత్వమేమీ లేదు. ఆ మర్నాటికి ప్రభుత్వం, బంధువులు, ఇరుగుపొరుగువారు ఏం ఏర్పాటు చేసి ఉంచారన్నదే అడగవలసిన ప్రశ్న. ఈ టపా దాని గురించే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో ప్రతి ఆరుగురిలో ఒకరు గడచిన ఏడాది కాలంలో ఏదో ఒక రకమైన వేధింపునకు గురైనవారే. మన దేశంలో 2017-18లో జరిగిన పెద్ద సర్వేలో మాత్రం తమకు అటువంటిది జరిగిందని చెప్పిన వృద్ధులు సుమారు 5 శాతమే. ఈ తేడా చూసి మనవాళ్లు పెద్దలను బాగా చూసుకుంటారని సంతోషించేవారు ఉండవచ్చు. విచారణకు ఇళ్లకు వెళ్లినప్పుడు కోడలు వంటింట్లో గిన్నెలు కడగడం ఆపి వింటుండగా 'అంతా బాగానే ఉందండీ' అని చెప్పిన ముఖాలను చూసినవాణ్ణి కాబట్టి నేను ఆ సంతోషంలో పాలుపంచుకోలేను.

వేధింపు అనగానే చేయి చేసుకోవడమే గుర్తుకు వస్తుంది గానీ, నా ముందుకు వచ్చిన అర్జీల్లో దెబ్బల ప్రస్తావన ఉన్నవి తక్కువ. ఎక్కువ భాగం వంతుల గొడవలే. ముగ్గురు కొడుకులుంటే తల్లి నెలకొక ఇంట్లో ఉంటుంది; లేదా తండ్రి పెద్దవాడి దగ్గర, తల్లి చిన్నవాడి దగ్గర ఉంటూ, యాభై ఏళ్లు కాపురం చేసిన ఇద్దరూ పండక్కి తప్ప ఒకరినొకరు చూసుకోరు. నెలకు ముప్పై రోజులేనని లెక్క కట్టుకుని, ముప్పై ఒకటో తారీకు ఎవరి ఖాతాలో వేయాలన్న దగ్గర అన్నదమ్ములు తగవుపడ్డారని ఒకావిడ చెప్పింది. ఆ రోజు ఆమె గుళ్లో ప్రసాదం తిని, అరుగు మీద పడుకుందట. కొట్టలేదు, తిట్టలేదు, ఇంట్లోంచి పొమ్మని కూడా ఎవరూ అనలేదు. కళ్లజోడు కాడ విరిగితే దారంతో కట్టుకుని ఏడాది గడపడం, బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుని నెలకు సరిపెట్టడం, వినికిడి యంత్రానికి బ్యాటరీ వేయించమని అడగడానికి మొహమాటపడడం ఇటువంటివన్నీ అర్జీ మొదటి పేజీలో కనిపించవు. నాలుగు మాటలు మాట్లాడాక బయటికి వస్తాయి.

వీటన్నిటికీ మన దగ్గరున్న ప్రధానమైన ఆయుధం 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీని నిబంధనలు 2011లో వచ్చాయి. 60 ఏళ్లు నిండినవారెవరైనా, వయసుతో నిమిత్తం లేకుండా తల్లిదండ్రులెవరైనా, తమ సంపాదనతో, తమ ఆస్తితో తమను తాము పోషించుకోలేనప్పుడు సబ్‌డివిజన్ స్థాయి ట్రిబ్యునల్‌కు, అంటే మన దగ్గర ఆర్డీవోకు, దరఖాస్తు చేసుకోవచ్చు. కొడుకులు, కూతుళ్లు, మేజరైన మనవలు, మనవరాళ్లు అందరూ బాధ్యులే. పిల్లలు లేనివారైతే వారి ఆస్తిని అనుభవిస్తున్న లేదా రేపు వారసత్వంగా పొందబోయే మేజరు బంధువు బాధ్యుడు. తాను స్వయంగా వెళ్లలేకపోతే వేరొకరికి గానీ ఏదైనా సంస్థకు గానీ అధికారమిచ్చి అర్జీ వేయించవచ్చు. ట్రిబ్యునల్ తనంతట తాను కూడా కేసు చేపట్టవచ్చు. నోటీసు అందిన నాటి నుంచి 90 రోజుల్లో, తప్పనిసరైతే మరో 30 రోజుల్లో తేల్చాలి. ఈలోగా మధ్యంతర భరణం ఇప్పించే అధికారం ఉంది. తల్లిదండ్రులు ఉంటున్న ఊళ్లోనైనా, పిల్లలు ఉంటున్న ఊళ్లోనైనా వేయవచ్చు. లాయరును పెట్టుకోవలసిన పని లేదు.

కాగితం మీద ఇది ఎంత సులువో, ఆ తెల్లకాగితం చేతికి తీసుకోవడం అంత కష్టం. ఒక తల్లి సంగతి చెబుతాను. బట్టల దుకాణం ప్లాస్టిక్ సంచిలో రేషన్ కార్డు, పాసుపుస్తకం జిరాక్సు, సగం వాడిన మాత్రల అట్ట, నాలుగుగా మడిచిన సెటిల్‌మెంట్ దస్తావేజు పెట్టుకుని సంఘం గదికి వచ్చింది. ఉన్న ఒక్క ఇల్లూ కొడుకు పేర రాసింది. ఆ ఇంట్లోనే వెనుక వైపు, సామాన్లు పడేసే రేకుల వసారాలో మంచం వేశారు. అర్జీ అంతా రాసి చదివి వినిపించి వేలిముద్ర వేయమంటే, స్టాంపు ప్యాడు మీద పెట్టబోయిన వేలు వెనక్కి తీసుకుని, "నాయనా, ఇది పంపితే వాడి ఉద్యోగానికేమన్నా అడ్డమొస్తుందా?" అని అడిగింది. ఏమీ రాదన్నాను. "జైల్లో పెడతారా?" అంది. "భరణం అడిగినంత మాత్రాన పెట్టరమ్మా, ఇవ్వమని ఆర్డరు వచ్చాక కూడా ఇవ్వకుండా మొండికేస్తేనే ఆ మాట వస్తుంది" అన్నాను. "మరైతే ఆ ఆర్డరు ఆ అబ్బాయికి చెప్పకుండా ఇవ్వరా?" అన్నది మూడో ప్రశ్న.

ఆ మూడో ప్రశ్నకు చట్టంలో సమాధానం లేదు. కానీ ఆమె ఏమి కోరుతున్నదో దానితో తేటతెల్లమైంది. అర్జీలో నేను రాసిన 'కఠిన చర్య తీసుకొనవలెను' అన్న వాక్యం కొట్టేసి, ఇంటి ముందు వైపు గది తనకు తిరిగి ఇప్పించాలని, నెలకు ఇంత చొప్పున తన బ్యాంకు ఖాతాలోనే వేయించాలని, విచారణకు ముందు రాజీ అధికారి దగ్గర మాట్లాడించాలని రాశాం. చట్టంలో ఆ సదుపాయం ఉంది; ట్రిబ్యునల్ కేసును రాజీ అధికారికి పంపితే ఆయన నెల లోపు ఫలితం తెలియజేయాలి. నోటీసు కొడుకు చేతికి అందే రోజుకు ఆమెను పక్క వీధిలో చెల్లెలి ఇంట్లో ఉండమన్నాం. ఈ చివరి ఏర్పాటే అన్నిటికన్నా ముఖ్యమైనదని నా అనుభవం. నోటీసు అందిన రాత్రే ఇంట్లో పెద్ద యుద్ధం జరుగుతుంది; ఆ రాత్రి తర్వాతనే చాలామంది మర్నాడు ఆఫీసుకు వచ్చి 'కోపంలో వేశాను, రద్దు చేయండి' అని రాసిస్తారు. రద్దు చేసుకున్న అర్జీలను పరిష్కారమైన అర్జీలుగా లెక్క కట్టే అలవాటు మన కార్యాలయాల్లో ఉన్నంత కాలం గణాంకాలు అందంగానే కనిపిస్తాయి.

ఆమె కేసులో ముందు గది వచ్చింది. డబ్బు కొన్ని నెలలు పడింది, ఆగిపోయింది, మళ్లీ అమలు కోసం అర్జీ వేశాం, మళ్లీ పడుతోంది. ఆర్డరును ఉల్లంఘిస్తే వారెంటు జారీ చేసి వసూలు చేయవచ్చు, అప్పటికీ చెల్లించకపోతే నెల రోజుల వరకూ జైలుకు పంపవచ్చు. ఈ అధికారాన్ని వాడే సందర్భాలు అరుదు గానీ, అది ఉందని నోటీసులో ఒక వాక్యం రాస్తే చాలు, సగం బకాయిలు వసూలవుతాయి. భరణానికి చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు. 2007లో పెట్టిన ఆ అంకె నేటికీ కదలలేదు. పరిమితిని ఎత్తివేసి, కోడళ్లను, అల్లుళ్లను కూడా బాధ్యుల జాబితాలో చేర్చే సవరణ బిల్లును 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టారు కానీ అది చట్టం కాలేదు. మోకాలి చిప్ప ఆపరేషను, డయాలసిస్ ఉన్న ఇంట్లో 10,000 ఏ మూలకు వస్తాయో బిల్లును పక్కన పెట్టినవారే చెప్పాలి.

ఆస్తి రాసిచ్చే విషయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే నేను చూసిన కేసుల్లో వేధింపు మొదలైన తేదీ, దస్తావేజు రిజిస్ట్రేషను తేదీ చాలాసార్లు పక్కపక్కనే ఉంటాయి. మనం ఉండగానే పంచేస్తే రేపు గొడవలుండవని, ఆడపిల్లలు వాటా అడగరని, కుటుంబ సభ్యుల మధ్య సెటిల్‌మెంటుకు స్టాంపు సుంకం తక్కువని, అబ్బాయి ఇంటి మీద లోను తీసుకోవాలని రకరకాల కారణాలతో పెద్దవాళ్లు ఉన్నదంతా రాసేస్తారు. దస్తావేజు లేఖరి తన దగ్గరున్న పాత నమూనాలో పేర్లు మార్చి, 'నీ యందు నాకు గల ప్రేమాభిమానముల చేత, నీ అభివృద్ధిని కోరి' అని రాసి, 'నేటి నుండి నాకు గానీ నా వారసులకు గానీ ఎట్టి హక్కులు లేవు' అని ముగిస్తాడు. కొడుకు తనను చూసుకోవాలన్న మాట ఎక్కడా ఉండదు. అది రాయించమని అడగడం కొడుకును అనుమానించినట్టే అవుతుందని తండ్రి అనుకుంటాడు.

2007 చట్టంలోని 23వ సెక్షను ఇక్కడే పనికొస్తుంది. కనీస సౌకర్యాలు, అవసరాలు చూడాలన్న షరతు మీద ఆస్తిని రాసిచ్చాక, తీసుకున్నవారు ఆ మాట తప్పితే, ఆ బదిలీ మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టే భావించి ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయవచ్చు. చిక్కంతా ఆ షరతు దగ్గరే. దస్తావేజులో అటువంటి షరతు ఉండాలని, లేదా దాన్ని రుజువు చేయాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు సుదేశ్ ఛికారా కేసులో చెప్పింది. ప్రేమాభిమానాలతో రాసిచ్చిన దాంట్లో షరతు ఉన్నట్టు ఊహించుకోవడం కుదరదన్నది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు కొంత ఊరటనిచ్చింది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఆ తల్లి 2019లో కొడుక్కి గిఫ్ట్ డీడు రాసింది; తల్లిదండ్రులను చివరి వరకూ చూసుకుంటానని, లేకపోతే వెనక్కి తీసుకోవచ్చని కొడుకు విడిగా వాగ్దాన పత్రం రాసిచ్చాడు. రెంటినీ కలిపి చదివి, వృద్ధుల మేలు కోసం వచ్చిన చట్టాన్ని వారికి మేలు జరిగేట్టే అర్థం చేసుకోవాలని చెప్పి కోర్టు ఆ డీడును రద్దు చేసింది. ఆస్తిని తిరిగి స్వాధీనం చేయించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని స్పష్టం చేసింది.

అందువల్ల నా దగ్గరకు వచ్చేవారికి నేను చెప్పేది, అసలు రాయవద్దని. వీలునామా రాసుకుంటే బతికున్నంత కాలం ఆస్తి మనదే, మనసు మారితే మార్చుకోవచ్చు, కావాలంటే రిజిస్టరు చేయించుకోవచ్చు. రాసివ్వక తప్పదనుకుంటే తమ జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె వస్తుంటే అది అనుభవించే హక్కు తమకే ఉంచుకోవాలి. తిండి, వైద్యం, నివాసం చూడాలన్న షరతును, చూడకపోతే దస్తావేజు రద్దవుతుందన్న మాటను, 23వ సెక్షను పేరుతో సహా ఒక్క పేరాలో రాయించాలి. లేఖరి 'ఇవన్నీ ఎందుకండీ, సొంత కొడుకే కదా' అంటాడు. ఆయనకు ఇచ్చే ఫీజు రాయడానికే గానీ కుటుంబ సలహాకు కాదని గుర్తుచేస్తే సరిపోతుంది. మంచం మీద ఉన్నవారి కోసం సబ్‌రిజిస్ట్రార్ ఇంటికి వచ్చే సదుపాయం రిజిస్ట్రేషను చట్టంలో ఉంది. అది మంచి సదుపాయమే. కానీ అలా వచ్చినప్పుడు లబ్ధి పొందేవాళ్లను కాసేపు గది బయట ఉండమని, పెద్దవారిని ఒంటరిగా నాలుగు ప్రశ్నలడిగే అధికారి దొరకడం మాత్రం అదృష్టమే.

ఈ చట్టానికి రెండో వైపు కూడా ఉంది. దాచిపెట్టడం నిజాయితీ కాదు కనుక చెబుతున్నాను. కొడుకు, కోడలు విడిపోయే దశలో ఉన్నప్పుడు కోడల్ని ఇంట్లోంచి పంపడానికి అత్తమామల చేత వయోవృద్ధుల చట్టం కింద అర్జీ వేయించడం నేను చూశాను. అర్జీలో అత్తగారి బాధలన్నీ ఉంటాయి, వాటిని చెబుతున్న గొంతు మాత్రం కొడుకుది. బెంగళూరుకు చెందిన వనిత కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు, గృహహింస చట్టం స్త్రీకి ఇచ్చిన నివాస హక్కును ఈ చట్టంతో తుడిచివేయడానికి వీల్లేదని తేల్చింది. అటువంటి అర్జీ రాయమని వస్తే నేను వృద్ధులిద్దరినీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడతాను. వాళ్లకు నిజంగా కావలసింది కోడలు వెళ్లిపోవడం కాదు, ఇంట్లో రోజూ జరిగే గొడవ ఆగడమని తేలిన సందర్భాలే ఎక్కువ.

ఇక డబ్బు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు ఇప్పుడు ఒకటో తారీకున ఇంటికే వస్తున్నది. ఇంటికి వచ్చిన పింఛను అవ్వ చేతికి వచ్చినట్టేనా అంటే చెప్పలేం. వేలిముద్ర అవ్వది, నోట్లు లెక్కపెట్టే చెయ్యి మనవడిది. బ్యాంకు ఖాతా పెద్దాయనది, దానికి జోడించిన ఫోను నంబరు కొడుకుది, ఓటీపీ వెళ్లేది కోడలి ఫోనుకు. ఇందులో దురుద్దేశం ఉన్నచోటా, సౌకర్యం కోసం చేసినచోటా కనిపించేది ఒకటే దృశ్యం. ఒక రోజు ఖాతాలో ఎంతుందో అడిగితే 'నీకెందుకు, మేమున్నాంగా' అన్న జవాబు వచ్చేవరకూ తేడా తెలియదు. మా సంఘంలో కొత్తగా చేరినవారికి మొదట చేయించే పని, వారి సొంత నంబరును బ్యాంకులో, ఆధార్‌లో నమోదు చేయించడం. ఆధార్ వేలిముద్రలను లాక్ చేసుకునే వీలుందని, ఎవరో వేలిముద్ర మిషను తెచ్చి పథకం పేరు చెప్పి నొక్కమంటే నొక్కవద్దని కూడా చెబుతాం. 70 ఏళ్లు దాటినవారికి నగదు ఇవ్వడం, తీసుకోవడం వంటి సేవలను ఇంటి వద్దే అందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది. అడిగితే కౌంటరులో కుర్రాడు కొత్త విషయం విన్నట్టు చూస్తాడు, అయినా అడగాలి.

బయటివాళ్లు చేసే నేరాల దగ్గరకు వస్తే, తెల్లవారుజామున ముగ్గు వేస్తున్నవారి మెడలో గొలుసు తెంపుకుపోవడం, 'మేం పోలీసులం, ముందు వీధిలో దొంగతనం జరిగింది, నగలు తీసి కాగితంలో చుట్టుకోండి' అని మాయ చేసి రాళ్ల పొట్లం చేతిలో పెట్టడం మనవాళ్లకు పాత సంగతులే. గొలుసు తెంపడాన్ని, ఐపీసీ స్థానంలో 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షనులో ప్రత్యేక నేరంగా చేర్చారు. ఇటీవల వీటన్నిటినీ మించిపోయింది డిజిటల్ అరెస్టు, అంటే పోలీసులమనో జడ్జీలమనో చెప్పి వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజడం. 2025 అక్టోబరులో అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు, నకిలీ కోర్టు ఉత్తర్వులు చూపించి తమ దగ్గర కోటి రూపాయలకు పైగా కాజేశారని మొర పెట్టుకోగా సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది. మన చట్టాల్లో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. వీడియో కాల్‌లో ఏ పోలీసూ, ఏ జడ్జీ ఎవరినీ అరెస్టు చేయరు. ఈ వాక్యాన్ని మా సంఘం గదిలో పెద్ద అక్షరాలతో రాసి అంటించాం.

ఆ కాగితం అంటించిన తర్వాతే, దాన్ని రోజూ చూసే మా సభ్యుడొకరు, లెక్చరరుగా రిటైరైనాయన, మోసపోయారు. ఆధార్ మీద వచ్చిన పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయన్నారు. ఫోను కెమెరా ముందు నుంచి కదలవద్దన్నారు. స్నానానికి వెళ్లాలన్నా వాళ్ల అనుమతి అడిగారాయన. ఫిక్సుడు డిపాజిట్లు గడువుకు ముందే తీస్తుంటే బ్యాంకు అమ్మాయి ఎందుకు సారూ అని అడిగిందట. కూతురు ఫ్లాటు కొంటున్నదని వాళ్లు నేర్పిన జవాబే చెప్పారు. మోసమని ఆ సాయంత్రమే అనుమానం వచ్చిందాయనకు. అయినా వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. అమెరికాలో ఉన్న కొడుక్కి తెలిస్తే ఏమంటాడోనన్న భయం కన్నా, "ఇకనుంచి పాసుబుక్కు, కార్డు మామయ్యకిచ్చెయ్యి నాన్నా అంటాడండీ, అప్పుడు నేను పాల ప్యాకెట్టుకు కూడా వాళ్లనడగాలి" అన్న మాట నన్ను ఆలోచింపజేసింది. కొడుకును కేసులో ఇరికించడానికి వెనుకాడిన ఆ తల్లిదీ, దొంగ మీద ఫిర్యాదు చేయడానికి వెనుకాడిన ఈయనదీ ఒకటే లెక్క. చెప్పుకుంటే పోయినదానికన్నా ఎక్కువ పోతుంది.

ఆ వారం రోజుల మౌనం ఖరీదైనది. సైబర్ మోసానికి 1930 నంబరుకు వెంటనే ఫోను చేస్తే, సొమ్ము ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు దాటే లోపు ఎక్కడో ఒకచోట నిలిపివేయించే అవకాశం ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ అది సన్నగిల్లుతుంది. మన ప్రమేయం లేకుండా ఖాతాలోంచి డబ్బు పోతే, మూడు పనిదినాల్లో చెప్పినవారికి రిజర్వు బ్యాంకు నిబంధనలు కొంత రక్షణ ఇస్తాయి. బెదిరింపుకు లొంగి మనమే పంపితే ఆ నిబంధనలు ఆదుకోవడం కష్టం, కాబట్టి 1930 ఒక్కటే దిక్కు. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో, రాష్ట్ర న్యాయసేవల అధికార సంస్థ కలిసి, బ్యాంకుల్లో నిలిపివేసిన సొమ్మును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించే పద్ధతిని 2024లో చేపట్టాయి. లెక్చరరు గారికి దక్కింది కొంతే. కానీ డబ్బు కన్నా ముందు ఆయనకు కావలసింది వేరే ఉంది. ఫోను చేసి ఆ అబ్బాయితో మేం మాట్లాడాం: నాన్నగారిని 'ఎలా నమ్మావు' అని అడగవద్దని, కార్డు లాక్కోకుండా పెద్ద మొత్తాలు తీసేముందు తనకు ఒక ఫోను చేసేలా ఒప్పందం చేసుకోమని చెప్పాం. ఖాతా నుంచి రోజుకు పంపగల పరిమితిని తగ్గించుకున్నారు. పాల ప్యాకెట్టు డబ్బులు ఆయన చేతిలోనే ఉన్నాయి.

పోలీసు స్టేషను అంటే ఉన్న బెరుకుకు మందు చట్టంలోనే కొంత ఉంది. పోలీసు దర్యాప్తు పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షను ప్రకారం 60 ఏళ్లు దాటిన పురుషులను, ఏ వయసు స్త్రీలనైనా, దివ్యాంగులను, తీవ్ర అనారోగ్యం ఉన్నవారిని సాక్ష్యం కోసం స్టేషనుకు రమ్మనడానికి వీల్లేదు. దర్యాప్తు అధికారే వారుండే చోటికి రావాలి, వారంతట వారు వస్తామంటే తప్ప. ఫిర్యాదు ఏ స్టేషనులోనైనా ఇవ్వవచ్చు. ఆన్‌లైనులో ఇస్తే మూడు రోజుల్లో సంతకం పెట్టాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో బాధితుడికి తెలియజేయాలి. ఒక స్టేషనులో గొలుసు పోగొట్టుకున్న పెద్దావిడను వాంగ్మూలం కోసం మాటిమాటికీ రప్పించి బెంచీ మీద కూర్చోబెడుతుంటే, మేం ఈ సెక్షను జిరాక్సు తీసి, గొడవ పడకుండా, రైటరు బల్ల మీద పెట్టి వచ్చాం. ఆ తర్వాత హెడ్ కానిస్టేబులే ఇంటికి వచ్చి రాసుకున్నాడు. స్త్రీలందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోను చేస్తే జిల్లా న్యాయసేవల అధికార సంస్థకు దారి చూపిస్తారు.

ఫిర్యాదు దాకా వెళ్లకుండా ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకునేవారికి 14567 ఉంది. ఎల్డర్‌లైన్ అని పిలిచే ఈ ఉచిత సేవ దేశమంతటికీ 2021లో వచ్చింది గానీ, దాని మూలం మన హైదరాబాదే. టాటా ట్రస్టులు, విజయవాహిని ఫౌండేషను కలిసి 2017లో అక్కడ మొదలుపెట్టిన ప్రయత్నమే జాతీయ స్థాయికి పెరిగింది. పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు తీస్తారు. తెలుగులో మాట్లాడతారు. ఇరుగుపొరుగువారు కూడా చేయవచ్చు. పక్కింటి పెద్దాయన రెండు రోజులుగా బయటికి రాకపోతే వాళ్ల ఇంటి గొడవ మనకెందుకని ఊరుకోవడం మర్యాదేమీ కాదు. నేరుగా వారి కొడుకునే నిలదీయడం మాత్రం వద్దు. ఆ కోపం తలుపు వేశాక పెద్దాయన మీదే పడుతుంది.

కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో పోలీసుల గురించి ఒక అంశం ఉంది: ప్రతి స్టేషనూ తన పరిధిలోని వయోవృద్ధుల, ముఖ్యంగా ఒంటరిగా ఉండేవారి జాబితాను ఎప్పటికప్పుడు సరిచూసుకుంటూ ఉంచుకోవాలని, వీలైతే ఒక సామాజిక కార్యకర్తను వెంటబెట్టుకుని నెలకొకసారైనా వారి ఇళ్లకు వెళ్లి రావాలని. అర్జీ వేసిన మర్నాడు వృద్ధుల ఇంటి తలుపు తట్టవలసిన మనిషి ఎవరో ఈ ఒక్క వాక్యం చెబుతోంది. జాబితా లేదని స్టేషనులో చెప్పినప్పుడు మేమే రాసి ఇచ్చాం: పిల్లలు విదేశాల్లో ఉన్నవారి పేర్లు, ఇంట్లో మనుషులున్నా ఒంటరిగానే బతుకుతున్నవారి పేర్లు, ట్రిబ్యునల్‌లో కేసు నడుస్తున్నవారి పేర్లు, ఎవరికి ఏ వేళ ఫోను చేస్తే స్వేచ్ఛగా మాట్లాడగలరో ఆ వివరంతో సహా. బీటు కానిస్టేబులు వస్తున్నాడు, మా సంఘం నుంచి ఒకరు వెంట వెళుతున్నారు. బందోబస్తు ఉన్న నెలల్లో రాడు. అప్పుడు మేమే వెళ్లి, వచ్చాక ఎస్సై గారికి ఫోను చేసి ఎవరెవరిని చూశామో చెబుతాం.